ఆరుసార్లు సభకు: చెన్నమనేని రాజేశ్వరరావు గారి శాసనసభా జీవితం

మేడారం జాతరకు పోయే ముందు వేములవాడ రాజన్నను మొక్కి పోవడం మన ఇళ్లలో పాత అలవాటు. పిల్లాజెల్లా, మూటాముల్లె అన్నీ సర్దుకొని ముందు రాజన్న గుడికి పోతాం, కోడెమొక్కు చెల్లించుకుంటాం, ఆ తర్వాతే సమ్మక్క సారలమ్మల దారి పడతాం. ఆ వేములవాడ ప్రాంతంలోనే మారుపాక అనే ఊరు ఉంది. 1923 ఆగస్టు 31న చెన్నమనేని రాజేశ్వరరావు గారు పుట్టింది అక్కడే.

ఆయన ఆదివాసీ కాదు, లంబాడీ కాదు. వెలమ కుటుంబంలో పుట్టిన మనిషి. మరి మన సంచికలో ఆయన జీవితం ఎందుకని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే. పాత కరీంనగర్ జిల్లాలో ఎస్సీలకు రిజర్వు స్థానాలు ఉండేవి గానీ మనకంటూ ఎస్టీ శాసనసభ స్థానం లేదు. ఆ జిల్లా షెడ్యూల్డు ప్రాంతం కిందికీ రాదు. అంటే ఆదిలాబాద్‌లోనో ఖమ్మంలోనో ఏజెన్సీ గూడేలకు ఉన్న 1/70 రక్షణ సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల వైపు తండాలకు లేదు. ఇక్కడ మన భూమి సంగతి, దారి సంగతి, కరెంటు సంగతి సభలో ఎత్తాలన్నా, ఎత్తకుండా వదిలేయాలన్నా జనరల్ స్థానం నుంచి గెలిచిన ఎమ్మెల్యే చేతిలోనే ఉంది. అలాంటి చోట 1957 నుంచి 2009 దాకా వస్తూ పోతూ ఆరుసార్లు సభలో కూర్చున్న మనిషి కథ మనది కాకుండా ఎలా పోతుంది?

ఆయన పుట్టిన కాలంలో ఆ ప్రాంతం నిజాం రాజ్యంలో ఉంది. ఊళ్లలో దొరల మాటే శాసనం. వెట్టి అంటే ఏమిటో మన పెద్దలకు పుస్తకం చదివి తెలుసుకోవలసిన అవసరం రాలేదు. 1935లో నాలుగో ఆంధ్ర మహాసభ సిరిసిల్లలో జరిగింది, మాడపాటి హనుమంతరావు గారు అధ్యక్షులు. అప్పటికి రాజేశ్వరరావు గారు పన్నెండేళ్ల పిల్లవాడు. తెలుగు మాట్లాడడానికే జంకే రాజ్యంలో, తెలుగువాళ్ల సభ ఒకటి తమ తాలూకాలోనే జరిగిన రోజులవి. మెల్లగా ఆ సభ భాష సంగతి దాటి వెట్టి, భూమి సంగతులకు వచ్చింది. ఆ ప్రయాణంలో ముందు నడిచినవాళ్లలో సిరిసిల్ల పక్కన గాలిపల్లికి చెందిన బద్దం ఎల్లారెడ్డి గారు ఒకరు. 1947 సెప్టెంబరులో సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో, రావి నారాయణరెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ గార్లతో పాటు ఆయన పేరు ఉంది.

రాజేశ్వరరావు గారు ఉస్మానియాలో న్యాయశాస్త్రం చదివారు. విద్యార్థి ఉద్యమంలో నుంచి కమ్యూనిస్టు పార్టీలోకి, అక్కడి నుంచి తెలంగాణ సాయుధ పోరాటంలోకి నడిచారు. ఆ పోరాటం కరీంనగర్ వైపు ఎంత రక్తం అడిగిందో చెప్పడానికి ఒక్క పేరు చాలు. 1948 మార్చి 14న అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి గార్లు, వారి సహచరులు మహమ్మదాపురం గుట్టల్లో ప్రాణాలిచ్చారు. ఇటు నల్లగొండ, జనగామ వైపు ధర్మాపురం తండాకు చెందిన జాటోతు ఠాను నాయక్, విసునూరు దేశ్‌ముఖ్ మీద తండా భూమి కోసం నిలబడి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఠాను నాయక్ తన భూమి కోసమే పోయాడు. రాజేశ్వరరావు గారి లాంటివాళ్లు తాము పుట్టిన సామాజిక వర్గం పెత్తనానికే ఎదురుతిరిగి వచ్చారు. ఈ రెండింటినీ ఒకే తూకంలో పెట్టను. రెండూ అవసరమయ్యాయని మాత్రం చెప్పగలను.

1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. తుపాకీ పట్టిన పార్టీ ఓటు అడగడానికి వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉన్నందున పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్, అంటే పీడీఎఫ్ పేరుతో 1952లో పోటీ చేశారు. బద్దం ఎల్లారెడ్డి గారు ఆ ఎన్నికల్లోనే కరీంనగర్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. తర్వాత 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆంధ్ర ప్రాంతంలో 1955లోనే ఎన్నికలు అయిపోయినందున 1957లో శాసనసభ ఎన్నికలు తెలంగాణ జిల్లాలకే జరిగాయి. ఆ ఎన్నికల్లో చొప్పదండి నుంచి రాజేశ్వరరావు గారు గెలిచారు. సభలో అడుగుపెట్టిన నాటికి ఆయన వయసు 33.

ఆ సభలోనే మొదటి భూపరిమితి చట్టం వచ్చింది, 1961లో. పేరుకు చట్టం గానీ పరిమితులు చాలా పెద్దవి, సందులు ఇంకా పెద్దవి. దొరల దగ్గర నుంచి కదిలి వచ్చిన భూమి ఏమంత లేదు. భూమి కోసం అడవులు పట్టిన పార్టీ సభ్యుడు, భూమి చట్టం ఎలా నీరుగారుతుందో ప్రతిపక్షపు బల్ల మీద కూర్చొని చూడవలసి వచ్చింది. శాసనసభ అంటే ఏమిటో ఆయనకు తెలిసిన తొలి పాఠం ఇదే అయి ఉంటుందని నా ఊహ.

1962లో ఆయన సభలో లేరు. 1964లో పార్టీ రెండుగా చీలింది. ఆయన సీపీఐలోనే ఉండిపోయారు. 1967లో సిరిసిల్ల నుంచి గెలిచి తిరిగి వచ్చారు. ఆ ఎన్నికల్లో రాష్ట్రమంతా కలిపి సీపీఐకి దక్కినవి 11 స్థానాలు, సీపీఎంకు 9. ఎదురుగా కాసు బ్రహ్మానందరెడ్డి గారి కాంగ్రెస్ ప్రభుత్వం.

ఇక్కడి నుంచి సిరిసిల్ల ఓటరు ఆయనతో ఆడిన ఆట చూడండి. 1967లో గెలిపించింది. 1972లో ఆ స్థానం చేజారింది. 1978లో మళ్లీ గెలిచారు. 1983లో ఎన్టీ రామారావు గారి గాలిలో స్థానం వేరేవాళ్లకు పోయింది. 1985లో మళ్లీ ఆయనే. 1989లో ఆయన కాదు. 1994లో ఆయన. 1999లో కాదు. 2004లో మళ్లీ ఆయన. సిరిసిల్ల నుంచి ఐదుసార్లు, చొప్పదండి నుంచి ఒకసారి, మొత్తం ఆరుసార్లు గెలిచిన ఈ మనిషికి వరుసగా రెండోసారి సభలో కూర్చునే యోగం ఒక్కసారి కూడా పట్టలేదు. మన రాష్ట్రంలో ఆరుసార్లు గెలిచినవాళ్లు ఇంకా ఉన్నారు. ఇలా గెలిచినవాళ్లు మాత్రం అరుదు.

దీని వల్ల ఒక విచిత్రం జరిగింది. ఆయన బతుకంతా భూమి చుట్టూ తిరిగింది. కానీ 1973లో కొంత గట్టి భూసంస్కరణల చట్టం వచ్చినప్పుడు ఆయన సభలో లేరు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయినప్పుడూ లేరు. పట్వారీ రాసిన గీత చెరపలేక మన తండాలు ఎన్ని ఎకరాలు పోగొట్టుకున్నాయో లెక్క తీయడం కష్టం. ఆ వ్యవస్థ పోయిన రోజున దాని మీద మాట్లాడే హక్కు ఎంతో ఉన్న మనిషి బయట ఉన్నారు. ఆయన సభలో ఉన్న కాలాల్లో ఎక్కువ వంతు పోరాడి ఆపే పని, లేకపోతే అడిగి తెచ్చే పని. చట్టం మలుపు తిరిగిన రోజులు ఆయన వంతుకు తక్కువగా వచ్చాయి.

1967 నుంచి 1972 దాకా సాగిన ఆ మొదటి సిరిసిల్ల పదవీకాలం గురించి ఇంకొంచెం చెప్పాలి. ఒకటి, 1969 ఉద్యమం. అప్పట్లో సీపీఐ విశాలాంధ్ర పక్షాన నిలిచిన పార్టీ. ప్రత్యేక తెలంగాణ అడుగుతూ పిల్లలు వీధుల్లోకి వచ్చిన జిల్లాలో, దానికి వ్యతిరేక వైఖరి ఉన్న పార్టీ ఎమ్మెల్యేగా ఉండడం తేలికైన పని కాదు. రెండోది కరెంటు. సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘం, మనమంతా సెస్ అని పిలిచేది, 1970లో మొదలైంది. దేశంలో తొలిగా పెట్టిన గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో అది ఒకటి. కరెంటు వాడుకునేవాళ్లే సభ్యులు, మొత్తంగా కొని ఊళ్లకు పంచుతుంది, పాలకవర్గానికి ఎన్నికలు జరుగుతాయి. ఇదంతా ఒక్క ఎమ్మెల్యే ఘనత అని రాయడం నా ఉద్దేశం కాదు. ఆయన సభలో ఉన్న కాలంలో ఆయన తాలూకాలో వచ్చిన మార్పు కాబట్టి చెబుతున్నాను. సిరిసిల్ల చేనేత ఊరు మరమగ్గాల ఊరుగా మారిందంటే దాని వెనుక ఈ తీగ కూడా ఉంది.

ఇంకో మాట మరచిపోకూడదు. ఆ కాలంలో తెలంగాణ లంబాడీలు ఇంకా ఎస్టీ జాబితాలో లేరు. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు ఎస్టీలు, మానేరు ఒడ్డున అదే గోరు బోలి మాట్లాడేవాళ్లు కారు! పార్లమెంటు 1976లో చట్టం సవరించాకే ఆ తేడా పోయింది. కాబట్టి 1967లోనో 1972లోనో ఓటేసిన తండాకు హాస్టల్ సీటు లేదు, రిజర్వేషన్ లేదు. ఉన్నది ఓటు ఒక్కటే.

1978. మూడోసారి. ఈ పదవీకాలం దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ఆయన జీవితంలో అన్నిటికన్నా కష్టమైన ఐదేళ్లు ఇవేనని నేను అనుకుంటాను. మర్రి చెన్నారెడ్డి గారి కాంగ్రెస్ 175 స్థానాలతో గెలిచింది. 294 మంది సభలో సీపీఐకి ఆరుగురు. అదే ఏడాది సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. రైతుకూలీ సంఘాల పేరుతో వేలమంది పాలేర్లు, కూలీలు ఎర్రజెండాలు పట్టుకొని జగిత్యాల వీధుల్లో నడిచారు. కూలి పెంచాలని, దొరలు ఆక్రమించిన బంజర్లు వదలాలని, వెట్టి పోవాలని అడిగారు. కొన్ని ఊళ్లలో దొరలకు చాకలి, మంగలి పని బంద్ చేసి సాంఘిక బహిష్కారం పెట్టారు. సర్కారు అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1948 నాటి చట్టం అది. ఐదుగురు గానీ అంతకు మించి గానీ గుమిగూడితే హెచ్చరించి కాల్చే అధికారం పోలీసులకు ఇస్తుంది.

ఇప్పుడు ఆయన స్థానంలో నిలబడి చూడండి. ముప్ఫై ఏళ్ల కిందట ఇవే కోరికలతో సాయుధ పోరాటంలో ఉన్నది ఆయన తరమే. ఇప్పుడు అవే కోరికలతో లేచినవాళ్లు ఆయన పార్టీ పిల్లలు కారు, ఆ పార్టీని దాటి ఎడమకు పోయినవాళ్లు. శాసనసభను నమ్ముకోవడం దండగ అని వాళ్ల వాదన. ఆయన ఆ శాసనసభలోనే ఉన్నారు, ఆయన తాలూకా మీదే కల్లోలిత ప్రాంతం ముద్ర పడింది. మధ్యలో నలిగింది అడవి అంచు ఊళ్లు, తండాలు. పగలు పోలీసు వచ్చి అన్నం ఎవరికి పెట్టావని అడుగుతాడు, రాత్రి దళం వచ్చి పోలీసుకు ఏం చెప్పావని అడుగుతుంది. ఆ ఏళ్లలో పెరిగినవాళ్లకు ఈ రెండు ప్రశ్నలూ కంఠస్థం. ఆరుగురు సభ్యులున్న పార్టీ ఆ చట్టాన్ని ఆపలేకపోయింది. ఆపగలిగే బలం దానికి లేదు కూడా.

ఈ కథకు 1989లో ఒక మలుపు వచ్చింది. ఆ ఎన్నికల్లో సిరిసిల్లలో గెలిచింది ఎన్.వి. కృష్ణయ్య గారు, స్వతంత్ర అభ్యర్థిగా. ఆయన వచ్చింది జనశక్తి వర్గం నుంచి. అంటే అసెంబ్లీ దండగన్న దారిలో నుంచే ఒకరు, రాజేశ్వరరావు గారు కూర్చున్న కుర్చీలోకి వచ్చి కూర్చున్నారు. ఎవరు ఎవరిని ఒప్పించినట్టు? నేను తేల్చలేను.

1985కు వెనక్కి వస్తే, అప్పుడు పరిస్థితి వేరు. ఎన్టీఆర్ గారితో వామపక్షాలకు సర్దుబాటు ఉంది. సీపీఐకి 12 స్థానాలు వచ్చాయి. అదే ఎన్నికల్లో కోరుట్ల పక్కనున్న మెట్‌పల్లి నుంచి బీజేపీ తరఫున గెలిచింది ఎవరనుకున్నారు? రాజేశ్వరరావు గారి తమ్ముడు విద్యాసాగర్ రావు గారు. అన్న కంటే దాదాపు పద్దెనిమిదేళ్లు చిన్న. అన్నది ఎర్రజెండా, తమ్ముడిది కాషాయం, ఇద్దరూ ఒకే సభలో. 1994లో మళ్లీ ఇద్దరూ గెలిచారు. ఇద్దరూ తమ తమ పార్టీల శాసనసభా పక్షాలకు నాయకత్వం వహించినవారే. ఇంకో సోదరుడు హనుమంతరావు గారు ఆర్థికశాస్త్రవేత్త, ప్రణాళికా సంఘం సభ్యులుగా పనిచేశారు. విద్యాసాగర్ రావు గారు తర్వాత కేంద్రంలో మంత్రి అయ్యారు, మహారాష్ట్ర గవర్నర్ అయ్యారు. పెద్దన్న మాత్రం రాష్ట్రంలో కూడా మంత్రి పదవి చేపట్టలేదు. సిరిసిల్ల ఎమ్మెల్యేగానే మిగిలారు. ఒక ఇంట్లో ఇన్ని దారులు ఉండడాన్ని కొందరు తెలివిగా చూస్తారు, ఏ గాలి వీచినా ఇంట్లో ఒకరు గెలుస్తారని. ఆ మాటలో కొంత అసూయ కూడా ఉంది. పెద్దన్న ఎంచుకున్న దారిలో గెలిచిన ఏళ్లతో సమానంగా ఓడిన ఏళ్లూ ఉన్నాయి కదా.

1994లో తెలుగుదేశంతో పొత్తులో సీపీఐ 19 స్థానాలు గెలిచింది. ఆ పార్టీకి ఆ సభ మంచి రోజులు. మంత్రివర్గంలో మాత్రం చేరలేదు. ఆ తర్వాతి ఐదేళ్లలో అంతా మారిపోయింది. తెలుగుదేశం బీజేపీకి దగ్గరైంది, వామపక్షాలు దూరమయ్యాయి. 1999లో సీపీఐకి రాష్ట్రం మొత్తంలో ఒక్క స్థానం కూడా రాలేదు. ఆ రోజుల్లోనే రాజేశ్వరరావు గారు సీపీఐని వదిలి తెలుగుదేశంలో చేరారు.

దీని మీద మెత్తగా రాసి దాటేయడం నాకు ఇష్టం లేదు. యాభై ఏళ్లకు పైగా మోసిన జెండా అది. ఆ జెండా కోసం పోయినవాళ్లను ఎరిగిన మనిషి, 75 ఏళ్ల వయసు దాటాక దాన్ని దించి పెట్టారు. అదీ పార్టీ కిందపడిన సమయంలో. పైగా చేరింది కేంద్రంలో బీజేపీతో చెలిమి చేస్తున్న పార్టీలో. తప్పని అనేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. మరోవైపు, సిరిసిల్ల ఓటరు ఏమనుకున్నాడో కూడా చూడాలి. 2004లో రాష్ట్రమంతా తెలుగుదేశం కొట్టుకుపోయి 47 స్థానాలకు దిగింది. కాంగ్రెస్, టీఆర్ఎస్, వామపక్షాలు ఒక్కటై నిలబడ్డాయి. తెలంగాణ వాదం బలంగా వీస్తున్న కరీంనగర్ జిల్లాలో, ఆయన పాత పార్టీ కూడా ఎదుటి కూటమిలోనే ఉండగా, 80 ఏళ్ల వయసులో తెలుగుదేశం గుర్తు మీద ఆయన గెలిచారు. పార్టీని కాదు, మనిషిని చూసి వేసిన ఓట్లు అవి. అంతకు మించి ఏ అర్థం చెప్పినా నేను నమ్మను.

ఆ కాలం సిరిసిల్లకు చెడ్డ కాలం. మరమగ్గాల కార్మికుల ఆత్మహత్యలు పేపర్లలో రోజువారీ వార్త అయిపోయాయి. నూలు ధర ఒకరి చేతిలో, బట్ట ధర ఇంకొకరి చేతిలో, మధ్యలో మగ్గం నడిపేవాడి చేతిలో అప్పు. చిన్నప్పుడు దొర దగ్గర అప్పు కింద జీతం ఉన్న పాలేరును చూసిన మనిషి, ముసలితనంలో సేటు దగ్గర అప్పులో ఉన్న నేతకార్మికుడికి ఎమ్మెల్యే. మన తండాల నుంచి కూడా అప్పటికే బొంబాయికి, దుబాయికి బస్సులు నిండిపోతున్నాయి. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది, పోడు పట్టాల మాట తండాల్లో మళ్లీ వినిపించింది. ఆ చివరి సభలోనూ ఆయన ప్రతిపక్షంలోనే, వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వానికి ఎదురుగా.

2009లో నియోజకవర్గాల హద్దులు మారాయి. వేములవాడ కొత్త స్థానమైంది, కోరుట్ల కూడా అప్పుడే ఏర్పడింది. రాజేశ్వరరావు గారు పోటీ నుంచి తప్పుకున్నారు. వేములవాడ నుంచి ఆయన కుమారుడు రమేశ్ గారు గెలిచారు, సిరిసిల్ల నుంచి కె. తారకరామారావు గారు. 1957లో ఆంధ్రప్రదేశ్ తొలి రోజుల్లో సభకు వెళ్లిన మనిషి, 2014లో ఆ రాష్ట్రం రెండు కావడం కూడా చూశారు. 2016 మే 9న, 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఐదు నెలలు తిరిగేసరికి అక్టోబరు 11న సిరిసిల్ల, జగిత్యాల రెండూ జిల్లాలయ్యాయి. ఒకప్పుడు కల్లోలిత ప్రాంతం బోర్డు తగిలిన తాలూకా కేంద్రంలో ఇప్పుడు కలెక్టర్ కూర్చుంటారు. తండాలు ఎక్కువగా ఉన్న వీర్నపల్లి అదే రోజు మండలమైంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో మన తండాలు విడి గ్రామ పంచాయతీలై, మరుసటి జనవరిలో తమ సర్పంచులను తామే ఎన్నుకున్నాయి. శాసనసభకు మాత్రం సిరిసిల్ల, వేములవాడ, కోరుట్ల, జగిత్యాల ఇప్పటికీ జనరల్ స్థానాలే.